పదేళ్లుగా మా ల్యాబ్ లేజర్‌ను చూసుకుంటున్నవాళ్ల గురించి

మా ల్యాబ్ బీరువాలో ఒక నీలం ఫైలుంది. దాన్నిండా అగ్గిపెట్టె సైజు నల్ల కాగితం ముక్కలు. ఒక్కోదాని మీద ఒక్కో తెల్లటి మచ్చ, పక్కన తారీఖు. వీటిని బర్న్ పేపర్లంటాం. కాగితాన్ని పాలిథీన్ కవర్లో పెట్టి, లేజర్‌తో ఒకే ఒక్క షాట్ కొట్టి, పడిన మచ్చను బట్టి కిరణం ఎలా ఉందో చూస్తాం. ఫైల్లో మొదటి కాగితం మీద మచ్చ నెలవంకలా ఉంటుంది, ఒక పక్క అసలు కాలనే లేదు. కింద 2014 నవంబరు అని నా చేతిరాత. రెండోది 2015 జనవరిది. గుండ్రంగా, అంచు నుంచి అంచుదాకా ఒకే తెలుపు. ఈ రెండు కాగితాల మధ్య మా ల్యాబ్‌కు వచ్చి లేజర్ బాగుచేసిన ఒక చిన్న కంపెనీవాళ్ల గురించే నేను రాస్తున్నది.

నేను విశాఖపట్నంలో ఫిజిక్స్ చెబుతాను, ఒక చిన్న లేజర్ ల్యాబ్ చూసుకుంటాను. వాళ్లది హైదరాబాద్ బాలానగర్‌లో ఒక షెడ్డు, పక్కనే రెండు ఏసీ గదులు. మొత్తం ఐదుగురు. లేజర్ రిపేర్లు, లెన్సులూ అద్దాలూ కొలతకు చేయించి ఇవ్వడం, ఆప్టికల్ డిజైన్, ప్రయోగానికి కావలసిన సెటప్ కట్టివ్వడం, ఇవీ వాళ్ల పనులు. నడిపించే పెద్దాయన ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో ఆప్టిక్స్ పని చేసి రిటైరయ్యారు. కంపెనీ పేరు రాయడం లేదు. ఉన్న ఐదుగురికీ చేతినిండా పని ఉంది, పేరు వద్దమ్మా అని ఆయనే అడిగారు.

మా దగ్గరున్నది ఎన్‌డీ-యాగ్ అనే రకం లేజర్. 1064 నానోమీటర్ల కిరణం, సెకనుకు పది పల్సులు, ఒక్కో పల్సుకు 400 మిల్లీజౌళ్లు. ఆ కిరణాన్ని కేడీపీ జాతి స్ఫటికం గుండా పంపితే సగానికి సగం 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిగా మారుతుంది. ఈ స్ఫటికంతోనే వచ్చింది చిక్కు. ఇది ఉప్పులాగా తేమను పీల్చుకుంటుంది. అందుకే దాని పెట్టెలో ఒక చిన్న హీటర్ రాత్రీ పగలూ వెలుగుతూ ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద పడింది. రోజుల తరబడి కరెంటు లేదు. హీటర్ ఆరిపోయింది, కిటికీ అద్దాలు పగిలి సముద్రపు గాలి నేరుగా ల్యాబ్‌లోకి వచ్చింది. కరెంటు వచ్చాక నేను ఆత్రంగా లేజర్ ఆన్ చేశాను. అలా చేయకూడదు. ఒక అద్దం మీద చేరిన తేమకు దాని కోటింగ్ (పల్చటి పూత) కాలిపోయింది, నెలవంక మచ్చ దాని ఫలితమే. ఆకుపచ్చ కాంతి 200 మిల్లీజౌళ్ల నుంచి 60కి పడిపోయింది.

లేజర్ అమ్మిన ఏజెంటును అడిగితే స్ఫటికం, పెట్టె, హీటర్ కలిసిన మాడ్యూలంతా మార్చాలన్నారు. విదేశం నుంచి రావాలి, నాలుగు నెలలు పడుతుంది. ధర మా ఆ ఏడాది గ్రాంటులో మూడో వంతు. ఒక పీహెచ్‌డీ విద్యార్థి స్కాలర్‌షిప్పుకు అప్పటికి ఏడాదే మిగిలి ఉంది. ఆ టెన్షన్‌లో ఉండగా హైదరాబాద్‌లో పనిచేసే ఒక స్నేహితురాలు బాలానగర్ నంబరు ఇచ్చింది.

పెద్దాయన ఫోన్లో ధర చెప్పలేదు. ముందు చూస్తాం, కొలుస్తాం, తర్వాత మాట్లాడదాం అన్నారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి ఇద్దరు దిగారు. ఆయన, ఆయన వెంట పాతికేళ్ల కుర్రాడు. టీ తాగి నేరుగా ల్యాబ్‌కు వచ్చారు. లేజర్ మూత తీయకముందే పవర్ మీటర్ పెట్టి అర్ధగంట కొలతలు రాసుకున్నారు. ఆ అర్ధగంటలోనే నాకు నమ్మకం కుదిరింది. అంతకుముందు వచ్చినవాళ్లు రాగానే స్క్రూడ్రైవర్ తీసేవాళ్లు. విప్పకముందు ఎలా ఉందో కొలిచి పెట్టుకోకపోతే, బిగించాక బాగుపడిందో పాడైందో దేనితో పోల్చి చెబుతాం?

కాలిన అద్దం మార్చాలి గానీ మాడ్యూల్ మార్చక్కర్లేదన్నారు. పెట్టె బాగానే ఉంది, హీటర్ బాగానే ఉంది, స్ఫటికం ముఖాలు మాత్రమే మసకబారాయి. అదే కోణంలో కోసిన స్ఫటికం ఒక్కటి తెప్పించి అదే పెట్టెలో బిగిస్తే చాలు. చెప్పినట్టే చేశారు. ఖర్చు ఏజెంటు చెప్పిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. జనవరిలో మీటర్ మీద 190 చూసినప్పుడు మా విద్యార్థి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెళ్లేముందు హీటర్‌కు ఒక చిన్న బ్యాటరీ కట్టి వెళ్లారు, కరెంటు పోయినా రెండు రోజులు నిలబడేలా. అది మేం అడగలేదు. తర్వాత ఎన్ని వర్షాకాలాలు వచ్చినా ఆ స్ఫటికానికి ఏమీ కాలేదు.

ఆ మొదటి రాకలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ కుర్రాడు అద్దం తుడిచిన తీరు. అప్పటిదాకా మేం దూదిని ఆల్కహాల్‌లో ముంచి అటూ ఇటూ రుద్దేవాళ్లం. ధూళి రేణువు ఒక్కటున్నా అలా రుద్దితే గీత పడుతుంది. ఆ గీత దగ్గర లేజర్ తగిలితే కోటింగ్ లేస్తుంది. అతను అద్దం మీద లెన్స్ టిష్యూ ఒకటి పరిచాడు, వేలు తగలకుండా. డ్రాపర్‌తో ఒకే చుక్క మెథనాల్ వేశాడు. కాగితం తడిసి అద్దానికి అతుక్కుంది. అప్పుడు కొసను పట్టుకుని మెల్లగా తనవైపు లాగాడు. కాగితం వెనకాలే తడి ఆరిపోతూ వచ్చింది, మరక మిగల్లేదు. ఆ కాగితం పక్కన పడేసి మళ్లీ కొత్తది తీశాడు. నేను అలవాటుగా అద్దం మీది దుమ్మును ఉఫ్‌మని ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “నోటితోని ఊదకుండ్రి మేడమ్, తుంపర్లు పడతయ్” అన్నాడు. ఇప్పుడు మా ల్యాబ్‌లో చేరే ప్రతి విద్యార్థీ ముందు ఒక పనికిరాని అద్దం మీద ఇది ఇరవైసార్లు చేసి చూపించాలి.

ఇక కళ్లద్దాల సంగతి. దీని కోసమైనా వాళ్లకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. రెండోసారి వచ్చినప్పుడు పెద్దాయన మా సేఫ్టీ గాగుల్స్ అన్నీ టేబుల్ మీద పెట్టమన్నారు. ఒక జతను ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుని, దాని గుండా గోడ మీదున్న ఆకుపచ్చ క్యాలెండర్ చూడమన్నారు. ఆకుపచ్చ చక్కగా కనిపించింది. “క్యాలెండర్ పచ్చ కనబడుతోందంటే లేజర్ పచ్చ కూడా వస్తుందమ్మా” అన్నారు. ఆ జత 1064కి మాత్రమే పనికొచ్చేది. మా అమ్మాయి ఒకామె ఆరు నెలలుగా దాన్నే పెట్టుకుని 532 మీద పని చేస్తోంది. నా కాళ్లు వణికాయి. కళ్లద్దం ఫ్రేము మీద ఓడీ అని ఒక అంకె, దాని పక్కన ఏ తరంగదైర్ఘ్యానికో రాసి ఉంటుంది. 532 దగ్గర ఓడీ 7 అంటే ఆ కాంతిలో కోటో వంతు మాత్రమే కంటికి చేరుతుంది. ఆ తరంగదైర్ఘ్యం దానిమీద రాసి లేకపోతే అది మీ లేజర్‌కు కళ్లద్దమే కాదు. ఆ రోజే 532కి పనికొచ్చే నారింజ రంగువి తెప్పించాం. వీళ్లకు గాగుల్స్ అమ్మే వ్యాపారం లేదు. ఇది చెప్పినందుకు పైసా రాలేదు, బిల్లులో రాయనూ లేదు.

నిర్వహణ గురించి వాళ్లు నేర్పినవి రెండు చెబుతాను. పల్సు శక్తి తగ్గించాలంటే మేం లేజర్ కడ్డీకి శక్తినిచ్చే ల్యాంపు వోల్టేజీ తగ్గించేవాళ్లం. అలా చేస్తే లేజర్ కడ్డీలో వేడి మారుతుంది. వేడి మారితే కడ్డీ లెన్సులా పనిచేసే తీరు మారి కిరణం ఆకారమే మారిపోతుంది. వోల్టేజీని ముట్టుకోకుండా క్యూ-స్విచ్ ఆలస్యాన్ని, అంటే ల్యాంపు వెలిగాక ఎంతసేపటికి పల్సును వదలాలో ఆ వ్యవధిని, మార్చమన్నారు. మూడేళ్లుగా మా కొలతలు రోజుకో రకంగా ఎందుకు వస్తున్నాయో ఆ ఒక్క మాటతో తెలిసింది. రెండోది షాట్ల లెక్క. సెకనుకు పది అంటే గంటకు 36 వేలు. మా ల్యాంపులు 3 కోట్ల షాట్లు పనిచేస్తాయనుకుంటే అది దాదాపు 830 గంటలు, రోజుకు మూడు గంటల చొప్పున 280 పని దినాలు. ల్యాంపు పేలేదాకా ఆగకుండా ఆ లెక్క ప్రకారం మార్చుకుంటున్నాం. కూలింగ్ నీళ్లు కూడా అంతే, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయం, ఆర్నెల్లకోసారి మార్చేస్తాం.

పరిశోధన సాయం విషయానికొస్తే, 2017లో పసుపులో సీసం క్రోమేటు కల్తీని లేజర్‌తో పట్టుకోవాలని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాం. పసుపు పొడిని ప్రెస్సులో బిళ్లలా నొక్కి, దాని మీద లేజర్‌ను కేంద్రీకరిస్తే చిన్న నిప్పురవ్వలా ప్లాస్మా లేస్తుంది. ఆ వెలుగును స్పెక్ట్రోమీటర్లోకి పంపితే ఏ మూలకం ఉంటే దాని గీత కనబడుతుంది. వెలుగును పోగుచేయడానికి ఫ్యూజ్డ్ సిలికా లెన్సులు కావాలని ఆర్డర్ రాసి పంపాను, పుస్తకాల్లో అలాగే ఉంటుంది కాబట్టి. పెద్దాయన ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగారు, “మీరు చూసే గీతలు ఎక్కడమ్మా?” సీసానిది 405.8 నానోమీటర్లు, క్రోమియంది 425.4 అన్నాను. అక్కడ మామూలు బీకే7 గాజు కాంతిని హాయిగా వదులుతుంది, సిలికా అనవసరం అన్నారు. మెగ్నీషియం కోసం 280 దగ్గరికి వెళ్తేనే సిలికా కొనండి అన్నారు. ఖరీదైన ఆర్డరును తనంతట తానే చిన్నది చేసుకున్నారు. దుగ్గిరాల నుంచి తెచ్చిన మంచి పసుపు కొమ్ముల్ని మేమే పొడికొట్టి, దాంట్లో తెలిసిన మోతాదులో కల్తీ కలిపి చూసినప్పుడు, 405.8 దగ్గర గీత లేచి నిలబడింది. ఆ సెటప్ ఇప్పటికీ అదే గాజుతో నడుస్తోంది.

అన్నీ ఇలాగే సాగలేదు. 2018లో 532 కాంతి వెనక్కి తిరగకుండా కోటింగ్ వేయమని ఇచ్చిన నాలుగు లెన్సులు 1064 కోటింగ్‌తో వచ్చాయి. డబ్బా మీద మాత్రం 532 అనే రాసి ఉంది. మేం నమ్మి బిగించాం. లెన్సు నుంచి వెనక్కి తిరిగిన కాంతి ముందున్న ఐరిస్ (కిరణానికి దారి వదిలే రంధ్రమున్న పలక) మీద చిన్న మచ్చ కాల్చింది, అప్పుడు గానీ తెలియలేదు. ఇంకొంచెం పక్కకు తిరిగి ఉంటే లేజర్ లోపలి అద్దమే పోయేది. ఫోన్ చేస్తే వాదించలేదు, తప్పు మాదే అన్నారు, డబ్బు తీసుకోకుండా మళ్లీ వేయించారు. కానీ ఏడు వారాలు పట్టింది. కోటింగ్ వాళ్ల దగ్గర జరగదు, బయట వేయిస్తారు, అక్కడ క్యూలో ఉండాలి. ఆ ఏడు వారాలు మా విద్యార్థివి, అవి తిరిగి రావు. అప్పటి నుంచి ప్రతి లెన్సుతో పాటు కొలిచిన గ్రాఫు పంపుతున్నారు. అది మొదటి నుంచీ పంపాల్సింది.

ఇంకో లోటు, పెద్దాయన లేకపోతే డిజైన్ పని ఆగిపోతుంది. 2019లో ఆయనకు ఆపరేషన్ జరిగినప్పుడు రెండు నెలలు మా డ్రాయింగ్ వాళ్ల టేబుల్ మీదే ఉండిపోయింది. కుర్రాళ్లు రిపేర్లు బాగా చేస్తారు, తుడవడంలో, కిరణాన్ని సరైన దారిలో పెట్టే అలైన్‌మెంట్‌లో ఆయన కంటే చెయ్యి తిరిగినవాళ్లు. కొత్తగా ఆలోచించాల్సినది మాత్రం ఇంకా ఆయన దగ్గరికే వెళ్తుంది. ఇది వాళ్లకు తెలుసు. నాకు దీని గురించి నిజంగానే బెంగగా ఉంది.

కరోనా లాక్‌డౌన్‌లో లేజర్ మొరాయించినప్పుడు వీడియో కాల్‌లో అలైన్‌మెంట్ చేయించమని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. మూత తీసిన లేజర్‌ను ఫోన్లో చెబితే సరిచేయించలేనమ్మా, కిరణం ఎటు పోతోందో నాకు కనబడదు, మీ కళ్లు ముఖ్యం అన్నారు. మూత వేసి ఉంచే చేయగలిగిన పరీక్షలు మాత్రం చెప్పారు. నీటి ప్రవాహం, ఏదైనా తేడా ఉంటే లేజర్‌ను ఆపేసే ఇంటర్‌లాక్, ల్యాంపు వెలుగుతుందా లేదా. చివరికి చూస్తే నీటి ప్రవాహాన్ని కనిపెట్టే ఫ్లో స్విచ్ పట్టేసింది. పది నిమిషాల్లో అయిపోయింది. అలైన్‌మెంట్ జోలికి వెళ్లి ఉంటే బాగున్నదాన్ని కూడా పాడుచేసుకునేవాళ్లం.

డబ్బు సంగతి ఒక్క ముక్క. మూడు కొటేషన్లు, కమిటీ, బిల్లు పాసవడం, ఇవన్నీ అయ్యేసరికి ఒకసారి వాళ్లకు ఎనిమిది నెలలకు డబ్బు అందింది. ఐదుగురి కంపెనీకి ఎనిమిది నెలలంటే చాలా ఎక్కువ. మీది కూడా ప్రభుత్వ సంస్థ అయితే, విడిభాగాల డబ్బయినా ముందే ఇచ్చేలా ఆర్డర్ రాయండి. వారంటీలో ఉన్న లేజర్‌ను వీళ్లు ముట్టుకోరు. అతి పొట్టి పల్సులిచ్చే ఫెమ్టోసెకండ్ లేజర్ల రిపేరు అడిగితే, మా దగ్గర ఆ కొలత పరికరాలు లేవు, తయారుచేసినవాళ్లనే పిలవండి అని చెప్పేస్తారు.

ల్యాంపుల కౌంటర్ ఈ వారం 2 కోట్ల 70 లక్షలు దాటింది. వచ్చే నెల రమ్మని రాశాను. గోదావరికి టికెట్లు దొరికిన రోజు బయల్దేరతామన్నారు. ఈసారి ఆ కుర్రాడు ఒక్కడే వస్తున్నాడు, వెంట తన దగ్గర పని నేర్చుకుంటున్న ఇంకో అమ్మాయిని తీసుకొస్తున్నాడట. బర్న్ పేపర్ ముక్కలు కోసి సిద్ధంగా పెట్టాను.