పసుపు చుక్క దొరికింది: పాత బేస్‌బాల్ మిస్‌ప్రింట్ కార్డులకు యూఎస్‌బీ మైక్రోస్కోపు, నాలుగేళ్ల వాడకం

ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో, ఎన్ని మెగాపిక్సెళ్లో డబ్బా మీదే రాసి ఉంటుంది. వాటిని నమ్మకండి, ఈ పనికి అవి అక్కర్లేదు కూడా. నాలుగేళ్లుగా ఈ మైక్రోస్కోపు బల్ల దిగకపోవడానికి కారణం ఒక్కటే. పాత బేస్‌బాల్ కార్డులో (ఆటగాడి ఫొటోతో అచ్చేసి అమ్మే, జనం సేకరించే అట్టముక్క) పసుపు సిరా అసలు పడలేదా, పడి వెలిసిపోయిందా అన్నది దీంతో తేలుతుంది. రంగు తగ్గిన కార్డుల్లో ధర అంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంటుంది.

ఈ కార్డుల్లో రంగులన్నీ నలుపు, సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మ్యాగెంటా (ముదురు గులాబీ), పసుపు సిరాల చిన్న చుక్కలతో వస్తాయి. తెల్లటి అట్ట మీద పసుపు చుక్క కంటికి ఆనదు. పది రెట్ల భూతద్దంలో నలుపు, సయాన్, మ్యాగెంటా చుక్కలు విడివిడిగా తెలుస్తాయి, పసుపు మాత్రం తెలుపులో కలిసిపోతుంది. అయితే పసుపు సిరా నీలికాంతిని మింగేస్తుంది. మైక్రోస్కోపు తీసిన ఫొటోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లుగా (ఒక్కో రంగు కాంతికి ఒక్కో పొర) విడగొట్టి నీలం ఒక్కటే చూస్తే పసుపు పడిన చోటల్లా నల్లగా వస్తుంది. ఇదే లెక్కన ఎరుపు చానల్లో సయాన్, ఆకుపచ్చ చానల్లో మ్యాగెంటా బయటపడతాయి. నల్లసిరా మూడింటిలోనూ ఉంటుంది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, మ్యాగెంటా కూడా నీలం చానల్లో లేత బూడిదరంగులో కనిపిస్తుంది. దాన్ని పసుపనుకుంటే మోసపోతాం. ఆకుపచ్చ చానల్లో అదే చోట ముదురు చుక్క ఉందేమో చూసుకుని దాన్ని లెక్కలోంచి తీసేయాలి.

చేసే పద్ధతి ఇది. కార్డుని ప్లాస్టిక్ తొడుగులోంచి తీసి, కార్డులోని 8 మిల్లీమీటర్ల వెడల్పు తెరనిండా వచ్చేలా ఫోకస్ చేయాలి. ఇంకా దగ్గరకి వెళ్తే చుక్కల వరస కాకుండా కాగితం గరుకు మాత్రమే కనిపిస్తుంది. ఫొటోని పీఎన్‌జీలోనో టిఫ్‌లోనో దాచాలి. జేపీజీ రంగు వివరాలని కుదించేస్తుంది కాబట్టి చిన్న పసుపు చుక్కలు పక్కవాటిలోకి పాకిపోతాయి. చానళ్లు విడగొట్టడానికి ఇమేజ్‌జె అనే కంప్యూటర్ ప్రోగ్రాము చాలు, ఉచితం. ఒక కార్డుకి కనీసం మూడు చోట్ల తీయాలి: అనుమానం ఉన్న చోటు, ఆటగాడి ముఖం, తెల్ల అంచు.

ఇక చదవడం. ఒక రంగు చుక్క ఒక్కటీ లేకపోతే ఆ సిరా పడలేదు. చుక్కలన్నీ తమ స్థానాల్లో ఉండి పాలిపోయి ఉంటే అది ఎండ చేసిన పని. చుక్కలు ఒక గీత దగ్గర టక్కున ఆగిపోయి, ఆ గీత వంకరటింకరగా ఉంటే అచ్చు ప్లేటుకీ కాగితానికీ మధ్య ఏదో అడ్డుపడింది. చుక్కలతోపాటు పైమెరుపు కూడా పోయి కాగితపు నూగు లేచి ఉంటే ఎవరో గీకారు. ఈ చివరిది పట్టుకోవాలంటే మైక్రోస్కోపు చుట్టూ ఉన్న లైట్లు ఆర్పేసి, పక్కనుంచి చిన్న టార్చిని దాదాపు కార్డుకి ఆనించినంత వాలుగా వేయాలి. నిటారు వెలుతురులో గీకుడు కనిపించదు.

ఈ పద్ధతికి అన్నిటికన్నా బాగా లొంగేవి 1969లో టాప్స్ అనే అమెరికా కంపెనీ వేసిన తెల్ల అక్షరాల కార్డులు. మిక్కీ మ్యాంటిల్ అనే ఆటగాడి కార్డు, నంబర్ 500నే తీసుకోండి. ఇంటిపేరు మామూలుగా పసుపులో ఉంటుంది, కొన్నిట్లో తెల్లగా వచ్చింది. తెల్లది అరుదు, ధర కొన్ని రెట్లు ఎక్కువ. కాబట్టే పసుపుని వెలిసేలా చేసో, రసాయనంతో తుడిచో తెల్ల అక్షరాలు ‘తయారు చేసే’వాళ్లున్నారు. అసలైన దాంట్లో అక్షరం లోపల నీలం చానల్ ఖాళీగా ఉండాలి, ముఖంలో మాత్రం పసుపు చుక్కలు నిండుగా ఉండాలి. రెండోది చాలామంది చూడరు. ముఖంలో కూడా పసుపు పాలిపోయిందంటే ఆ కార్డు ఎండలో ఉంది, అక్షరం తెల్లబడటానికి కారణం అచ్చు కాదు.

1982 టాప్స్‌లో నలుపు లేని కార్డులకీ ఇదే తర్కం. అక్కడ ముందువైపు సంతకం నల్లసిరాతో అచ్చవుతుంది, కాబట్టి సంతకం లేకపోతే జనం సంబరపడతారు. సంతకం ఒక్కటే చూడకండి. టోపీ నీడలోనూ జుట్టులోనూ ఒక్క నల్లచుక్క దొరికినా అది నలుపు లేని కార్డు కాదు. ఇది పది రెట్ల భూతద్దంతో కూడా తేలుతుంది, మైక్రోస్కోపు అక్కర్లేదు.

ఇప్పుడు దీని మీదున్న కోపం. తెలుపుని ఈ పరికరం దానంతటదే సరిచేసుకుంటుంది. ఫ్రేములో సగటున బూడిదరంగు ఉండాలన్నది దాని నమ్మకం. కార్డులో 8 మిల్లీమీటర్ల ముక్క అంటే చాలాసార్లు అంతా ఒకే రంగు. ఎరుపో నారింజో నిండితే, లోపలి ప్రోగ్రాము నీలాన్ని పెంచేసి ‘సరిచేస్తుంది’. 1969 నాటి ఒక కార్డు విషయంలో జరిగింది అదే. అక్షరాలు కంటికి తెల్లగానే ఉన్నాయి. నీలం చానల్లో అక్షరం లోపల శుభ్రంగా ఖాళీ. ముఖం దగ్గర తీసిన ఫొటోలో పసుపు చుక్కలు గట్టిగానే ఉన్నాయి. మూడు పరీక్షల్లో రెండు నెగ్గాయి, తెల్ల అంచు ఫొటో తీయనే లేదు. అది తెల్ల అక్షరాల కార్డే అన్న తీర్పుతో డబ్బు చేతులు మారబోయింది.

ఆపింది ఒక అర డాలరు కార్డు. అదే సిరీస్‌లోని మామూలు కార్డు అంచుని పోలికకోసం ఫ్రేములోకి జరిపితే, తెల్లగా ఉండాల్సిన అంచు లేత ఆకాశనీలంలో వచ్చింది. అంటే పరికరం నీలాన్ని అంత మేరకు పైకి నెట్టేసింది. ఆటో తీసేసి, తెల్ల అంచు మీద తెలుపుని స్థిరపరిచి మళ్లీ తీస్తే అక్షరం నిండా సమానంగా పరుచుకున్న లేత బూడిదరంగు కనిపించింది. పసుపు అక్కడే ఉంది, పాలిపోయి ఉంది, అంతే. ముఖం సంగతి కూడా అప్పుడే తెలిసింది. నీలం పెరగని చోట తీసిన ఫొటో కాబట్టి అక్కడి పసుపు గట్టిగా కనిపించింది. వెలుతురు, తెలుపు ఒకేలా ఉంచి తీస్తే అదీ మామూలు కార్డు కన్నా తక్కువే. రెండు ఫొటోలు రెండు వేర్వేరు తెలుపులతో తీసినవి. వాటిని పోల్చడమే తప్పు.

అప్పటినుంచి నియమం: ఆటో వైట్ బ్యాలెన్సు (తెలుపుని దానంతటదే సరిచేసుకోవడం), ఆటో ఎక్స్‌పోజరు (వెలుతురుని దానంతటదే సర్దుకోవడం) రెండూ తీసేయకుండా ఫొటో లేదు. వైరు ఊడదీసి పెట్టిన ప్రతిసారీ ఈ పరికరం మళ్లీ ఆటోకి వెళ్లిపోతుంది, హెచ్చరించదు. దాంతో వచ్చిన ప్రోగ్రాములో ఆ సెట్టింగు లేనేలేదు, వేరే కెమెరా ప్రోగ్రాము వెతుక్కోవాల్సి వచ్చింది. సుతారంగా పనిచేసే పరికరానికి ఇంత మొరటు లోపం ఎందుకు పెట్టారో అర్థం కాదు. ఏ ఫ్రేములోనైనా మామూలు కార్డు అంచు ఒక మూల కనిపించాల్సిందే. స్టాండు కీలు రెండో ఏటికే వదులైంది, అది చిన్న విషయం.

పైన చెప్పిన మెప్పుకి హద్దులున్నాయి. 1909–11లో సిగరెట్ పెట్టెలతో వచ్చిన టీ206 కార్డులు నాలుగు రంగుల చుక్కలతో అచ్చయినవి కావు, లిథో అనే పాత అచ్చు పద్ధతిలో అంతకన్నా ఎక్కువ రంగులు వాడారు. అక్కడ చానళ్లు విడగొడితే గందరగోళమే మిగులుతుంది. కాగితం రెండో ప్రపంచ యుద్ధానికి ముందటిదేనా అని చూడ్డానికి 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేరే కావాలి. ఆ కాలపు అట్ట నీలంగా వెలగకూడదు.

ఇంకో పెద్ద హద్దు: తప్పు ఎలా జరిగిందో ఇది చెబుతుంది గానీ, ఆ కార్డు ఎంత ధర పలుకుతుందో చెప్పదు. 1957 టాప్స్‌లో హ్యాంక్ ఆరన్ కార్డు, నంబర్ 20లో ఫొటో తిరగబడి, కుడిచేతి ఆటగాడు ఎడమచేతివాడిలా కనిపిస్తాడు. తప్పు పెద్దదే, కానీ దాన్ని సరిచేయలేదు. అన్ని కార్డులూ అలాగే ఉన్నాయి కాబట్టి తప్పుకని అదనంగా ఎవరూ ఇవ్వరు. 1958 టాప్స్‌లో పాంచో హెరెరా కార్డు, నంబర్ 433లో ఇంటిపేరు చివరి అక్షరం ఒక్కటి పోయింది, అంతే. అది అరుదుగా, అదే చోట, అదే తీరులో దొరుకుతుంది, సేకర్తల జాబితాల్లోకి ఎక్కింది, వేలల్లో పలుకుతుంది. ధర తెచ్చేది తప్పు పరిమాణం కాదు. అది మళ్లీ మళ్లీ ఒకే చోట వచ్చిందా, సరిచేసిన కార్డుతో జంటగా ఉందా, జాబితాలో చోటు దొరికిందా అన్నవే.

దుమ్ము పడి ఏర్పడిన తెల్లటి గుండ్రని మచ్చలు మైక్రోస్కోపులో ఎంత అందంగా కనిపించినా వాటికి విలువ లేదు. పైగా కార్డుల నాణ్యతకి గ్రేడు ఇచ్చే పీఎస్ఏ అనే సంస్థ అలాంటివాటికి అచ్చు లోపమని ‘పీడీ’ గుర్తు తగిలించొచ్చు, దాంతో ధర తగ్గుతుంది. ఎక్కడైనా అదే మచ్చ అదే చోట ఉన్న మరో రెండు కార్డులు దొరికేదాకా దాన్ని మామూలు కార్డు కింద, కొంచెం తక్కువకే లెక్కగట్టాలి. ధరకోసం అడుగుతున్న రేట్లు కాదు, అమ్ముడైనవే చూడాలి, అదీ అదే గ్రేడువి.

నెలకి నాలుగైదు విడి కార్డులు, ముఖ్యంగా 1958 నుంచి 1982 మధ్య టాప్స్‌వి, చేత్తో పట్టుకుని కొనే అవకాశం ఉన్నవాళ్లకి ఇది పనికొస్తుంది. స్లాబులో (గ్రేడు ఇచ్చాక కార్డుని మూసేసే గట్టి ప్లాస్టిక్ పెట్టె) బిగించినవే కొనేవాళ్లకి దండగ, ప్లాస్టిక్ మెరుపు సగం చుక్కల్ని మింగేస్తుంది. ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు అమ్మేవాళ్లని ఒక్కటి అడగండి: అనుమానం ఉన్న కార్డు పక్కన అదే సంవత్సరపు మామూలు కార్డు పెట్టి, ఒకే ఫ్రేములో తీసిన ఫొటో. దాన్ని ఇంట్లో కంప్యూటర్లో నీలం చానల్‌గా విడగొట్టుకోవచ్చు. చుక్కలు తెలియవు గానీ, వెలిసిన పసుపుకీ లేని పసుపుకీ తేడా చాలాసార్లు దాంట్లోనే కనిపిస్తుంది.