"అసలు గాయకులు" అని అట్ట మీద ఉన్నా సరే, ఈ డూ-వాప్ సీడీలతో జాగ్రత్త

1950ల నాటి అమెరికన్ డూ-వాప్ (కొందరు గొంతులు కలిపి బృందంగా పాడే శైలి) పాటలను సీడీల మీద కొనేవారికి ఈ హెచ్చరిక. "అసలు హిట్లు, అసలు గాయకులు" అని పెద్ద అక్షరాలతో అట్ట వేసిన నాలుగు సీడీల పెట్టెను ఈ మధ్య ఆన్‌లైన్‌లో తెప్పించాను. అమ్మకం పేజీలో పాటల పేర్లున్నాయి, బృందాల పేర్లున్నాయి. ఏ కంపెనీ ఎప్పుడు చేసిన రికార్డింగులో మాత్రం లేదు. కొనే ముందు అడిగితే అన్నీ ఒరిజినల్సే అని జవాబు రాశారు. పెట్టె విప్పాక, లోపలి చిన్న పుస్తకం చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి కనిపించింది. బృందంలోని ఒకరో ఇద్దరో పాత సభ్యులు తర్వాతి కాలంలో మళ్లీ పాడినవట! డబ్బు వాపసు అడిగితే "పాడింది అసలు గాయకులే కదా" అంటున్నారు. ఈ సమాధానం ముందే సిద్ధం చేసి పెట్టుకున్నట్టుంది.

పోయిందేమిటో చెబుతాను. ఫైవ్ శాటిన్స్ బృందం 'ఇన్ ది స్టిల్ ఆఫ్ ది నైట్' పాటను 1956లో అమెరికాలోని న్యూ హేవెన్ ఊళ్లో ఒక కాథలిక్ చర్చి నేలమాళిగలో రికార్డు చేసింది. ఆ గది ప్రతిధ్వని, వెనుక గొంతుల మొరటుదనం, నడుమ వచ్చే శాక్సొఫోన్ తీసేస్తే ఆ పాటలో మిగిలేది తక్కువ. నాకు వచ్చిన సీడీలో కీబోర్డు, మెషీన్ డ్రమ్ములు ఉన్నాయి. పెంగ్విన్స్ బృందం పాడిన 'ఎర్త్ ఏంజెల్' 1954లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక గ్యారేజీలో పుట్టింది. డ్రమ్ముల మోత గొంతులను కప్పేయకుండా దిండ్లు అడ్డం పెట్టారట, పక్కింటి కుక్క మొరిగినప్పుడల్లా ఆపి మళ్లీ పాడారట. నా పెట్టెలోని 'ఎర్త్ ఏంజెల్' మాత్రం పెళ్లి రిసెప్షన్ బ్యాండులా నున్నగా ఉంది.

గాయకులను తప్పుపట్టను. మాస్టర్ టేపులు, అంటే మొదట రికార్డు చేసిన అసలు టేపులు, కంపెనీలవి. కంపెనీ మారిన గాయకుడు పాత హిట్లు తనవని చెప్పుకోవాలంటే మళ్లీ పాడటమే దారి. ఆ కాలపు గాయకులే అయిన ఎవర్లీ బ్రదర్స్ 1964లో వార్నర్ కంపెనీ కోసం, చక్ బెర్రీ 1967లో మెర్క్యురీ కంపెనీ కోసం అదే చేశారు. ఆ సంగతి దాచి అమ్మడం మీదే నా గొడవ.

ప్లాటర్స్ బృందం పాట 'ఓన్లీ యూ' విషయంలో కథ తిరగబడుతుంది. ఆ పాటను వాళ్లు మొదట ఫెడరల్ కంపెనీకి పాడితే, ఆ కంపెనీ అప్పట్లో దాన్ని విడుదలే చేయలేదు. 1955లో మెర్క్యురీకి రెండోసారి పాడిందే లోకమంతా విన్నది. కాబట్టి "మొట్టమొదటి రికార్డింగు" అన్న మాట చూసి మురిసిపోకండి. పైగా 1960లలో ముఖ్య గాయకుడు టోనీ విలియమ్స్ వెళ్లిపోయాక, వేరే గొంతుతో మ్యూజికార్ కంపెనీకి అవే హిట్లు మళ్లీ పాడారు. ఇన్ని ఉన్నప్పుడు కంపెనీ పేరు, ఏడాది చెప్పని పట్టికను ఎలా నమ్మడం?

ఇక కవర్ల గోల వేరు, అంటే ఒకరి పాటను మరొకరు పాడి విడుదల చేసినవి. 'ష్-బూమ్' 1954లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ కుర్రాళ్ల బృందం కార్డ్స్ పాడినది. తమాషా ఏమిటంటే, అది వాళ్ల రికార్డుకు రెండో వైపు పాట. మొదటి వైపు వాళ్లు పాడింది గాయని ప్యాటీ పేజ్ హిట్‌కు కవర్! ఆ వేసవిలో అగ్రస్థానానికి ఎక్కింది మాత్రం కెనడా తెల్లకుర్రాళ్లు క్రూ-కట్స్ పాడినది. 'ఎర్త్ ఏంజెల్'ను కూడా వాళ్లు వదల్లేదు. పాట పేరు ఒక్కటే చూసి కొంటే మీ చేతికి ఎవరి గొంతు వస్తుందో చెప్పలేం.

ధరను బట్టి అంచనా వేయకండి. 1963కు ముందు విడుదలైన రికార్డింగులపై యూరప్‌లో హక్కుల గడువు తీరిపోయింది, అక్కడి చవక సీడీల్లో నిఖార్సైన పాతవి చాలానే దొరుకుతాయి. చూడవలసింది వెనుక అట్ట: ప్రతి పాటకూ పాత కంపెనీ పేరు, ఏడాది ఉండాలి. స్టీరియో ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) బజారులోకి వచ్చింది 1958 ప్రాంతంలో, అందుకే 1954 పాట కుడి ఎడమలుగా విడిపోయి స్పష్టంగా వినిపిస్తే అనుమానించండి. రెండు వైపులా ఒకే ధ్వని వచ్చే పాత మోనోను కృత్రిమంగా విడదీసినవీ ఉన్నాయి కనుక ఇదొక్కటే రుజువు కాదు. అమ్మేవారిని "ఒరిజినలేనా?" అని అడగడం దండగ. ఫైవ్ శాటిన్స్ పాటైతే "1956లో ఎంబర్ కంపెనీ విడుదల చేసిన రికార్డింగేనా?" అని సూటిగా అడిగి, జవాబును దాచుకోండి.

నాకు వచ్చిన జవాబు జత చేసి కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. ఇలాంటి పెట్టె మీకు ఇప్పటికే వచ్చి ఉంటే సీలు తీయకుండా వెనక్కి పంపేయండి. విప్పినది తీసుకునేది లేదని నాకు తెగేసి చెప్పారు.