పోయిన లోగిళ్ల జాడ తీయడానికి గూగుల్ ఎర్త్ ప్రో ఎంతవరకు పనికొస్తుంది?

బందరు, రాజమండ్రి, కాకినాడ లాంటి ఊళ్లలో పాత బజారు వీధుల మండువా లోగిళ్లు ఒక్కొక్కటే నేలమట్టం అవుతున్నాయి. ఫలానా ఇల్లు సరిగ్గా ఎక్కడ ఉండేది, ఎప్పుడు పడగొట్టారు? ఈ రెండింటికీ జవాబు చెప్పగల ఉచిత సాధనాల్లో, పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు చూపే గూగుల్ ఎర్త్ ప్రోను మించింది లేదు. 2015కి ముందు దీనికి ఏడాదికి 399 డాలర్లు కట్టాల్సి వచ్చేది. కంప్యూటర్‌లో వేసుకునేదే తీసుకోండి, ఫోన్‌తో ఈ పని సాగదు.

పైన గడియారం బొమ్మ నొక్కితే కాలరేఖ వస్తుంది. అది 1984 దాకా వెనక్కి జరుగుతుంది కదా అని సంబరపడొద్దు. ఆ తొలి ఏళ్లవి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు, ఒక్కో చుక్క 30 మీటర్లు. అందులో లోగిలి కాదు, వీధే కనబడదు. చిన్న ఊళ్లకు ఇళ్లు విడివిడిగా తెలిసే చిత్రాలు 2000 తర్వాతే మొదలవుతాయి.

మండువా ఇంటిని పైనుంచి గుర్తుపట్టడం తేలిక. ఎర్రటి పెంకు కప్పు నాలుగు వైపులా, నడుమ చదరంగా నల్లటి గుంట. కూల్చాక అక్కడ మట్టి రంగు ఖాళీ, తర్వాత తెల్లటి శ్లాబు, దాని మీద నీళ్ల ట్యాంకు. పెంకు తీసి రేకులు వేసిన ఇంటిని మాత్రం కూల్చేసినట్టు పొరబడే ప్రమాదం ఉంది. గోడల నీడ చూస్తే తేడా తెలుస్తుంది. నీడలు పొడుగ్గా పడే శీతాకాలపు చిత్రాలు ఇందుకు మేలు. వానాకాలంవి చాలావరకు మబ్బుల పాలు.

తేదీ రాసేటప్పుడు 'కూల్చింది ఫలానా నెలలో' అని రాయకండి. ఇల్లు కనబడిన ఆఖరి చిత్రం, కనబడని మొదటి చిత్రం, రెండు తేదీలూ రాయాలి. మధ్యలో మూడేళ్ల ఖాళీ ఉంటే మూడేళ్లనే రాయాలి. చేయి తిరగడానికి ముందు హైదరాబాద్ పాత సచివాలయం మీద సాధన చేయండి. 1888 నాటి జీ బ్లాక్‌తో సహా దాన్ని 2020 జులైలో కూల్చడం మొదలుపెట్టారు కాబట్టి మీ అంచనా సరిపోయిందో లేదో వెంటనే తేలుతుంది.

దీని పెద్ద లోపం జరుగుడు. ఒక ఏడాది చిత్రానికీ ఇంకో ఏడాది చిత్రానికీ కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. ఒకదాని మీద గీసిన హద్దు మరోదాంట్లో పక్కింటి మీద పడుతుంది. ఎప్పటికీ కదలని కోనేటి మెట్లో, గుడి ప్రహరీ మూలో ఆనవాలుగా పెట్టుకుని ప్రతిసారీ సరిచూడాలి. గోపురం కొన పనికిరాదు, ఎత్తైనవి చిత్రంలో ఓ పక్కకు వాలి కనిపిస్తాయి.

పాత టౌన్ సర్వే పటం ఉంటే 'ఇమేజ్ ఓవర్‌లే'తో పైన పరిచి, పారదర్శకత పెంచి పోల్చవచ్చు. కాకపోతే ఇది పటాన్ని సాగదీసి తిప్పగలదంతే. మడతలు పడి వంకరపోయిన కాగితాన్ని సరిచేయాలంటే క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ వాడాల్సిందే. ఇంటి పేరు, యజమాని తేలాలంటే పాత దస్తావేజుల్లోని నాలుగు హద్దులే దిక్కు. ద్వారబంధాల చెక్కడం, అరుగుల ఎత్తు, స్తంభాల తీరు ఏ ఉపగ్రహమూ చూపదు. వాటికోసం ఆ ఇంటివాళ్ల పెళ్లి ఫొటోలు అడగాలి, పెద్దవాళ్లు ఉండగానే అడగాలి.

గుర్తులన్నీ 'టెంపరరీ ప్లేసెస్'లో వదిలేయకుండా ఏ రోజుకారోజు కేఎంజడ్ ఫైలుగా దాచండి.

2000కి ముందే పోయిన ఇళ్లకు అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైటులో కరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రాలు వెతకండి. 1967-72 మధ్య తీసిన మేలైన వాటిలో సుమారు 6 అడుగుల వివరం కనిపిస్తుంది, పెద్ద లోగిలి మండువా తెలియడానికి అది చాలు. స్కాన్ అయినవి ఉచితం, కానివి ఒక్కోటి 30 డాలర్లు.