పర్లాకిమిడి ఉత్సవానికి కచేరీయా, తప్పెటగుళ్లా?

1936లో ఒడిశాలో కలిసిన పర్లాకిమిడిలో, తెలుగువారి ఉత్సవానికి ఒక్క సాయంత్రమే దక్కితే, కర్ణాటక కచేరీని పెట్టించాలా, తప్పెటగుళ్ల జానపద నృత్య బృందాన్ని పిలవాలా అన్నది తేలిక ప్రశ్న కాదు. గాత్రం, వయొలిన్, మృదంగం కలిస్తే ముగ్గురితోనే నిండు కచేరీ అవుతుంది. 1919లో సంగీత కళాశాల వెలసిన విజయనగరం మనకు పొరుగే, కళాకారులను అక్కడి నుంచి పిలవవచ్చు. అయితే కచేరీకి నిశ్శబ్దం కావాలి. తంబుర శ్రుతి జనసందడిలో మునిగితే, ఆలాపనలోని సన్నని గమకం, అంటే స్వరపు ఊపు, ముందు వరుస దాటదు.

తప్పెటగుళ్లకు మైదానం చాలు. కాళ్లకు గజ్జెలు, గుండెలకు రేకు తప్పెటలు కట్టుకుని, పాడుతూ వాయిస్తూ అందరూ ఒక్కసారిగా ఎగిరి దిగే ఆ అడుగు, తెలుగు రాని ఒడియా పొరుగువారికీ అందుతుంది. బృందం పెద్దది, మనిషి మనిషికీ బస, భోజనం చూడాలి కనుక ఖర్చు ఎక్కువే. అయినా బయలు వేదికకు నేను తప్పెటగుళ్లనే ఎంచుతాను. కచేరీని మాత్రం గుడి మండపంలో, మైకు తగ్గించి, పొద్దున్నే పెట్టించాలని నా కోరిక.