‘పదకొండు రోజులు, ఏడు దేశాలు’: బెజవాడలో అమ్మే యూరప్ ప్యాకేజీ గిట్టుబాటేనా?

బందరు రోడ్డు మీదైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా ట్రావెల్ ఆఫీసుల్లో చేతికిచ్చే యూరప్ బ్రోచర్లు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. అట్ట మీద ఐఫిల్ టవర్, లోపల మంచుకొండ, మధ్యలో ‘పర్సన్‌కి ఇంత’ అని పెద్ద అంకె. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ మీదా కాదు, ఈ తరహా గ్రూప్ టూర్ మీద. ఆ పెద్ద అంకె కన్నా రెండు సంగతులు ముఖ్యం: హోటల్ ఉన్న ఊరి పేరు, చివర చిన్న అక్షరాల్లో ఉండే ‘ఎక్స్‌క్లూజన్స్’, అంటే ప్యాకేజీలో కలవని ఖర్చులు.

ముందు హోటల్. వెనిస్ అని రాసి రాత్రి బస దాని దగ్గర్లోని మెస్త్రేలోనో పాదువాలోనో ఇస్తారు. పారిస్ అంటే ఒక్కోసారి చార్లెస్ డి గాల్ విమానాశ్రయం పక్కన. ‘లేదా దానికి సమానమైనది’ అన్న మాట ఉంటే ఊరి పేరు కాగితం మీద రాయించుకోండి. ముగ్గురికి ఒక గది అంటే మూడో మంచం సాధారణంగా సోఫాయే. స్విట్జర్లాండ్‌లో చాలా హోటళ్లకు ఏసీ ఉండదు. మే, జూన్‌లలో వెళ్లే మనవాళ్లకు ఇది ముందే తెలిస్తే మంచిది.

హోటల్ దూరమైతే పోయేది నిద్ర ఒక్కటే కాదు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం కోచ్ డ్రైవరు రోజుకు 9 గంటలు నడపొచ్చు, వారంలో రెండు రోజులు మాత్రం 10. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. బండిలోని టాకోగ్రాఫ్ ఇదంతా నమోదు చేస్తుంది కాబట్టి టూర్ మేనేజర్ ఎంత బతిమాలినా బండి కదలదు. పొద్దున టిఫిన్ దగ్గర నాలుగు కుటుంబాలు అరగంట ఆలస్యం చేస్తే సాయంత్రం కోతపడేది చూడాల్సిన చోటే. ఎన్ని దేశాలన్న లెక్క పెరిగేకొద్దీ బస్సులో కూర్చునే గంటలు పెరుగుతాయి. నాలుగు దేశాలకు మించిన ప్యాకేజీని మేం ఎవరికీ సిఫార్సు చేయం.

చూపించే చోట్లలోనూ మెలికలున్నాయి. ‘ఐఫిల్ టవర్ ఎంట్రీ’ అంటే రెండో అంతస్తా, శిఖరమా? మంచుకొండ అంటే 3,454 మీటర్ల యుంగ్‌ఫ్రావ్‌యోకా, టిట్లిసా? రెండూ బాగుంటాయి కానీ టికెట్ ధరల్లో తేడా ఎక్కువ. ‘ఫొటో స్టాప్’, ‘పనోరమిక్ టూర్’ అని ఉంటే లోపలికి వెళ్లరని అర్థం. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి. మీ బ్యాచ్ తేదీలను క్యాలెండర్ పక్కన పెట్టి చూసుకోండి.

ఇక ప్యాకేజీలో లేని ఖర్చు. యూరోకు వంద రూపాయలు అనుకుని ఒక జంటకు లెక్క వేద్దాం. షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, అంటే ఇద్దరికి 18 వేలు. వీసా సెంటర్ సర్వీస్ చార్జీ దీనికి అదనం. టిప్పులు రోజుకు మనిషికి 3 యూరోలనుకుంటే పదకొండు రోజులకు 6,600. మధ్యాహ్నం భోజనం ప్యాకేజీలో లేకపోతే పూటకు 15 యూరోల చొప్పున పది పూటలకు 30 వేలు. హైదరాబాద్ దాకా రానుపోను కారు, దారిలో టాయిలెట్లకు చిల్లర నాణేలు, రోమ్, ఆమ్‌స్టర్‌డామ్ లాంటి నగరాల్లో హోటల్ పన్ను కలిపితే డెబ్బై వేలు పక్కన పెట్టుకోవాల్సిందే. కార్డు గీకేటప్పుడు మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే మారకం రేటు వాళ్లిష్టం.

పన్ను సంగతి చాలామంది ఆఫీసులో అడగరు. విదేశీ ప్యాకేజీ మీద జీఎస్టీ కాక టీసీఎస్ (అమ్మేవాళ్లే మన పేరున ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా కట్టించుకుంటారు. 2023 అక్టోబర్‌లో టీసీఎస్ ఏడు లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం అయింది. రేట్లు మారుతుంటాయి కనుక బుకింగ్ రోజున ఎంతో అడగండి. టీసీఎస్ డబ్బు పోదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. కానీ ఎవరి పాన్ మీద కట్టారో వాళ్లకే. రిటర్ను వేయని నాన్నగారి పాన్ ఇచ్చి, తర్వాత కొడుకు ఖాతాలో వెతికితే కనిపించదు.

వీసా కాగితాల పనికి మాత్రం ఈ ఆఫీసులకు మంచి మార్కులే ఇవ్వాలి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు, 30,000 యూరోలకు తగ్గని బీమా, మూడు నెలల అదనపు గడువున్న పాస్‌పోర్టు లాంటివి వాళ్లకు కొట్టిన పిండి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే ఇవ్వొచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా పడుతుంది. వేసవి సెలవులకు మార్చి చివర్లో మేలుకుంటే అపాయింట్‌మెంట్ దగ్గరే కథ ఆగిపోతుంది. లండన్ కూడా ఉంటే బ్రిటన్ వీసా వేరు, ఖర్చూ వేరు. వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారన్నది అడ్వాన్స్ కట్టకముందే రాతలో తీసుకోండి.

అరవై దాటినవాళ్లకు, రాత్రి పప్పన్నం లేకపోతే నిద్రపట్టనివాళ్లకు ఈ ప్యాకేజీ డబ్బుకు తగినదే. సామాను లాక్కుంటూ రైలు ప్లాట్‌ఫారాలు మారే బాధ ఉండదు. ఇంగ్లీషు, ఫోన్‌లో మ్యాపు అలవాటున్న పాతికేళ్ల పిల్లలు ఇంట్లో ఉంటే మాత్రం రెండు దేశాలు, సొంత బుకింగ్, నగరం మధ్యలో హోటల్ మేలు.

పచ్చళ్లకు ఒక మాట. బయటి దేశాల మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి డబ్బా, పాలకోవా పెట్టెలో పెట్టొద్దు. తాజా కరివేపాకూ, మామిడిపండ్లూ అంతే. గోంగూర పచ్చడి, కందిపొడి పర్వాలేదు. కాకపోతే గోంగూర సీసా చెక్-ఇన్ పెట్టెలోనే వేయండి. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటితే శంషాబాద్‌లోనే తీసేస్తారు.