పర్లాకిమిడిలో ఛార్టులు వేయించాలంటే ఈ ఫ్లెక్సు షాపుకే వెళ్లండి

మా బడి సైన్స్ ప్రదర్శనకి బస్టాండు దగ్గరి ఫ్లెక్సు షాపులో రెండు ఛార్టులు వేయించాను. ఒకటి కార్నర్ బ్లూ సీతాకోకచిలుక, రెండోది కిర్ట్‌లాండ్స్ వార్బ్లర్ అనే పాటపిట్ట. రెండూ అమెరికావే, రెండింటికీ మంటే ఆధారం. కార్నర్ బ్లూ గొంగళిపురుగు లుపిన్ అనే మొక్క ఆకు తప్ప ఇంకేదీ ముట్టదు. చెట్ల నీడ కమ్మేస్తే లుపిన్ బతకదు. పిట్టేమో లేత జాక్ పైన్ చెట్ల కింద, నేల మీదే గూడు కడుతుంది. ఆ పైన్ కాయలు విచ్చుకోవాలంటే వేడి తగలాలి. అడవి తగలబడకుండా ఆపేసరికి రెండూ తగ్గిపోయాయి. పోడు చూస్తూ పెరిగిన మా పిల్లలకి ఇది ఇట్టే అందుతుందని నా ఆశ.

ముందు వేరే ఊళ్లో వేయిస్తే నీలం వంకాయ రంగులోకి దిగింది, వత్తులన్నీ జారి పక్కకొచ్చాయి. ఇక్కడి కుర్రాడు చిన్న ముక్క ప్రింటు తీసి, గుమ్మం బయట ఎండలో పెట్టి చూపించాడు. మూడోసారికి మగదాని రెక్క నీలం కుదిరింది. రెక్క అడుగువైపు అంచున ఉండే నారింజ నెలవంకల్లో ఒక్కటీ చెదరలేదు.

"మాస్టారూ, నిప్పు పెడితే ఈ పురుగు చచ్చిపోదా?" అన్నాడు అక్షరాలు సరిచూస్తూ. నేను రాయడం మరిచింది అదే. పిట్ట చలికాలం బహామాస్‌కి ఎగిరిపోతుంది. సీతాకోక గుడ్లు మాత్రం ఆ చలికాలమంతా లుపిన్ దగ్గరే ఉంటాయి, మొత్తం కాలిస్తే అక్కడితో సరి. అందుకే ఒక్కో ఏడు ఒక్కో ముక్క కాల్చాలి. అతను ఆ ముక్కల్ని గళ్లుగా గీసి ఛార్టులో కలిపాడు, పైసా అడగలేదు.

1974లో పాడే మగపిట్టలు 167 మాత్రమే. లేత పైన్లు నాటి, కాకి గూట్లో కోయిల పెట్టినట్టు దీని గూట్లో గుడ్లు పెట్టే కౌబర్డ్‌లని పట్టేశారు. 2019లో పిట్ట, అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితా నుంచి బయటపడింది. 1992లో జాబితాకెక్కిన సీతాకోక ఇంకా అందులోనే ఉంది. ఈ వరసలు ఎర్ర అక్షరాల్లో పెట్టమన్నాను. నలుపైతే దూరం నుంచి కనిపిస్తుందన్నాడు, అతనిదే నిజమైంది.

లామినేషన్ మెరుపు ఎక్కువ, ట్యూబ్‌లైటు కింద చదవడం కష్టం, మ్యాట్ అడగండి. రెండింటికీ 640 రూపాయలయింది. ఒడియా, తెలుగు రెండూ తప్పుల్లేకుండా కొడతాడు. పెళ్లిళ్ల సీజన్లో మాత్రం నాలుగు రోజులు ముందే ఇవ్వండి.