ముందు హెరోడొటసా, థుసిడిడీసా?

ఈ ఇద్దరు ప్రాచీన గ్రీకు చరిత్రకారుల్లో ముందు ఎవర్ని చదవాలంటే, కథలు కావాలనుకునేవాళ్లు హెరోడొటస్‌నే ఎంచుకుంటారు. పర్షియన్లకీ ఈజిప్షియన్లకీ యుద్ధం జరిగిన చోట ఎముకలు చూశానంటాడు: పర్షియన్ల పుర్రెకి గులకరాయి తగిలినా చిల్లు పడుతుందట, ఈజిప్షియన్లది రాయితో కొట్టినా పగలడం కష్టమట. వాళ్లు చిన్నప్పటి నుంచీ గుండుతో ఎండలో తిరగడమే కారణమట! నమ్మాలో లేదో మనిష్టం, పుస్తకం మాత్రం కింద పెట్టబుద్ధి కాదు.

థుసిడిడీస్‌వి బరువైన వాక్యాలు, పొడవైన ఉపన్యాసాలు. అయినా నా ఓటు ఆయనకే. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌లో మొదలైన మహమ్మారి తనకీ సోకింది, బతికి బయటపడి రాశాడు. పలుచటి బట్ట కూడా ఒంటిమీద భరించలేక, తీరని దాహంతో కొందరు నీటితొట్లలో దూకారు. కోవిడ్ తర్వాత ఆ పేజీలు చదివాను. రోగుల్ని చూసుకోడానికి వెళ్లిన మంచివాళ్లే ఎక్కువగా పోయారన్న చోట చాలాసేపు ఆగిపోయాను.